టెలిస్కోప్‌తో గ్రహాల ఫొటోలకు తక్కువ ఖర్చులో ఏ కెమెరా కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: 150 మి.మీ. న్యూటోనియన్ (అద్దంతో పని చేసే) టెలిస్కోప్ ఉంది, ఫోకల్ లెంగ్త్ 750 మి.మీ., మౌంటుకు మోటారు ఉంది. ఐపీస్ దగ్గర ఫోన్ పెట్టి తీస్తే గురుగ్రహం తెల్లటి మచ్చలా వస్తోంది. కెమెరా కొందామని చూస్తే ఒకటి 1.2 మెగాపిక్సెల్, ఒకటి 2, ఇంకొకటి 8. ధరల్లో చాలా తేడా. ఎక్కువ మెగాపిక్సెల్ ఉన్నదే మంచిదా, ఇంట్లో ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తో సరిపెట్టుకోవచ్చా, నెబ్యులాలకూ గ్రహాలకూ ఒకే కెమెరా పనికొస్తుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. 2.9 మైక్రాన్ల పిక్సెల్, యూఎస్‌బీ 3.0 ఉన్న చిన్న కలర్ ప్లానెటరీ కెమెరా తీసుకోండి. సెన్సర్ సోనీ ఐఎంఎక్స్462 గానీ, తర్వాత వచ్చిన ఐఎంఎక్స్662 గానీ అయితే సరిపోతుంది. రెండూ 2 మెగాపిక్సెల్ సెన్సర్లే. జెడ్‌డబ్ల్యూఓ, క్యూహెచ్‌వై, ప్లేయర్ వన్ లాంటి కంపెనీలు ఇలాంటి సెన్సర్లనే ఎవరి డబ్బాలో వాళ్లు పెట్టి అమ్ముతాయి కాబట్టి కంపెనీ పేరు కన్నా లోపలి సెన్సర్ పేరు చూడండి. దానితో పాటు 3 రెట్ల బార్లో (ఫోకల్ లెంగ్త్‌ను మూడు రెట్లు చేసే లెన్సు గొట్టం) ఒకటి, యూవీ/ఐఆర్ కట్ ఫిల్టర్ (కంటికి కనబడని అతినీలలోహిత, పరారుణ కాంతిని ఆపేది) ఒకటి కొనండి. అంత పెట్టలేకపోతే వాడిన ఐఎంఎక్స్224 కెమెరా దొరుకుతుందేమో వెతకండి. పాతదే అయినా గ్రహాల విషయంలో ఇప్పటికీ గట్టి కెమెరా. 8 మెగాపిక్సెల్ కోసం అదనంగా పెట్టే డబ్బు మీ టెలిస్కోప్ మీద గ్రహాలకు ఏమీ కలిపి ఇవ్వదు.

ఎందుకంటే గ్రహాలు మన ఆకాశంలో చాలా చిన్నవి. గురుగ్రహం భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు దాని వెడల్పు 45 నుంచి 50 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). చంద్రుడి వెడల్పు దాదాపు 1,860 ఆర్క్‌సెకన్లు. అంటే చంద్రబింబం మీద అడ్డంగా నలభై గురుగ్రహాలు పేర్చవచ్చు. మీ కెమెరాలో గ్రహం ఎంత సైజులో పడుతుందో మీరే లెక్క కట్టుకోవచ్చు: పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించండి, వచ్చినదాన్ని మి.మీ.లో ఉన్న ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్‌సెకన్లో తెలుస్తుంది. 2.9 మైక్రాన్ల కెమెరాను మీ టెలిస్కోప్‌కు నేరుగా పెడితే 0.8 వస్తుంది, గురుగ్రహం 56 పిక్సెళ్ల బిళ్లగా పడుతుంది. 3 రెట్ల బార్లో మధ్యలో పెడితే ఫోకల్ లెంగ్త్ 2,250 అవుతుంది, పిక్సెల్‌కు 0.27 ఆర్క్‌సెకన్లు, గురుగ్రహం దాదాపు 170 పిక్సెళ్లు. ఇప్పుడు 8 మెగాపిక్సెల్ సెన్సర్ తీసుకుంటే దానిది 3840×2160 వైశాల్యం. అందులో ఈ 170 పిక్సెళ్ల బిళ్ల ఆక్రమించేది 0.3 శాతం లోపే. మిగతాదంతా నల్లటి ఆకాశం. దాన్ని రికార్డు చేసి, హార్డ్‌డిస్క్ నింపుకుని, తర్వాత కత్తిరించి పారేయడమే.

2000ల తొలి ఏళ్లలో గ్రహాల ఫొటోగ్రఫీని మామూలు జనం చేతికి తెచ్చింది ఫిలిప్స్ టూయూక్యామ్ అనే వెబ్‌క్యామ్. దాని సెన్సర్ 640×480 మాత్రమే. లెన్సు ఊడదీసి, ఆ స్థానంలో 1.25 అంగుళాల గొట్టం బిగించి ఐపీస్ హోల్డర్లో పెట్టేవాళ్లు. ఈ రోజుకీ నేను గ్రహాన్ని రికార్డు చేసేటప్పుడు కత్తిరించుకునే పెట్టె సైజు దాదాపు అంతే.

మరి కెమెరాలో చూడాల్సింది ఏమిటి అంటే, సెకనుకు ఎన్ని ఫ్రేములు నష్టం లేకుండా పంపగలదు, ఎంత తక్కువ వెలుగులో ఎంత తక్కువ నాయిస్‌తో (చిత్రంలో గింజల్లా కనబడే చెదురుతో) పని చేయగలదు అన్న రెండూ. గ్రహాల ఫొటో ఒక్క క్లిక్కుతో వచ్చేది కాదు. వేల ఫ్రేముల వీడియో తీసి, అందులో గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో పడ్డ ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌తో ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ తర్వాత పదును పెడతాం. దీన్ని లక్కీ ఇమేజింగ్ అంటారు. గాలి కల్లోలంలోంచి అప్పుడప్పుడూ పదునైన చిత్రం దొరికే అవకాశం ఎంత అన్న లెక్కను డేవిడ్ ఫ్రైడ్ అనే శాస్త్రవేత్త 1978లో కట్టారు. మనం చేసేది దాని మీద ఆధారపడ్డ పనే.

ల్యాప్‌టాప్ తెర మీద లైవ్‌లో చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు అర్థమవుతుంది. గురుగ్రహం అంచు పారే నీటి అడుగున ఉన్న నాణెంలా వణుకుతూ ఉంటుంది. రెండు ముదురు పట్టీలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతూ, విడిపోతూ ఉంటాయి. అలా చూస్తుండగానే ఒక్క రెప్పపాటు బింబం అంతా నిశ్చలమైపోతుంది. పట్టీ అంచున ఉన్న చిన్న చిన్న మెలికలు, గ్రేట్ రెడ్ స్పాట్ అనే పెద్ద ఎర్రటి తుఫాను చుట్టూ లేత రంగు అంచు తేటగా కనబడి, మళ్లీ చెదిరిపోతాయి. కెమెరా ఆ రెప్పపాటులో ఎన్ని ఫ్రేములు పట్టుకుంటే మీకు అంత సొత్తు. సెకనుకు 20 ఫ్రేములు తీసే కెమెరాకు ఆ క్షణంలో ఐదారు దక్కితే, 120 తీసేదానికి ముప్పైకి పైగా దక్కుతాయి. పేర్చేటప్పుడు నాయిస్ ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతుంది. 900 మంచి ఫ్రేములు పేరిస్తే నాయిస్ 30 రెట్లు తగ్గుతుంది. నాయిస్ ఎంత తక్కువైతే తర్వాత అంత ధైర్యంగా పదును పెట్టవచ్చు.

ఎక్కువ ఫ్రేములు కావాలంటే ఎక్కువ సేపు తీస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. గురుగ్రహం దానికి ఒప్పుకోదు. అది 10 గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది. బింబం మధ్యలో ఉన్న మచ్చ నిమిషానికి దాదాపు 0.24 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. మీ 150 మి.మీ. అద్దం విడదీసి చూపగల అతి చిన్న దూరం 0.77 ఆర్క్‌సెకన్లు. కాబట్టి రెండు నుంచి మూడు నిమిషాల వీడియో దాటితే వివరాలు అలుక్కుపోవడం మొదలవుతుంది. ఆ మూడు నిమిషాల్లో సెకనుకు 100 చొప్పున 18,000 ఫ్రేములు వస్తాయి, 20 చొప్పున అయితే 3,600. శని కూడా వేగంగానే తిరుగుతుంది గానీ దాని మీద గురుగ్రహం మీద ఉన్నంత స్ఫుటమైన మచ్చలు ఉండవు కాబట్టి ఐదు నిమిషాల దాకా తీయవచ్చు. కుజగ్రహం చుట్టు తిరిగేది 24 గంటల 37 నిమిషాలకు, అక్కడ తొందర లేదు. విన్‌జూపోస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గ్రహ భ్రమణాన్ని సరిచేసి వరుసగా తీసిన వీడియోలను కలపగలదు. అది నేర్చుకోవాల్సిందే, కానీ మొదటి నెలల్లో కాదు.

పిక్సెల్ సైజుకూ టెలిస్కోప్‌కూ జత కుదరాలి. ఇది కెమెరా బ్రాండు కన్నా పెద్ద విషయం. అనుభవంలో నిలబడ్డ సూత్రం ఒకటుంది: పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 5తో గుణిస్తే మీకు కావాల్సిన ఫోకల్ నిష్పత్తి (ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె, ఎఫ్/ అని రాస్తారు) వస్తుంది. 2.9 మైక్రాన్లకు 14.5. మీది ఎఫ్/5 టెలిస్కోప్, 3 రెట్ల బార్లోతో ఎఫ్/15. సరిగ్గా కుదిరింది, అందుకే ఆ సెన్సర్, ఆ బార్లో చెప్పాను. ఐఎంఎక్స్224 పిక్సెల్ 3.75 మైక్రాన్లు, దానికి ఎఫ్/19 దాకా కావాలి. 3 రెట్ల బార్లోతో ఎఫ్/15 దగ్గర ఆగినా ఫొటో బాగానే వస్తుంది, బింబం కొంచెం చిన్నదిగా ఉంటుంది. ఐఎంఎక్స్678లో పిక్సెల్ 2 మైక్రాన్లు, దానికి ఎఫ్/10, అంటే 2 రెట్ల బార్లో చాలు. మీ దగ్గర ఇప్పటికే మంచి 2 రెట్ల బార్లో ఉంటే ఆ సెన్సర్ కూడా ఆలోచించదగ్గదే. గాలి కుదురుగా లేని రాత్రుల్లో 5 బదులు 3 లేదా 4తో గుణించుకోండి. గాలి అద్భుతంగా ఉంటే 6 దాకా పోవచ్చు.

ఈ సూత్రం దాటి పోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. నాకు తెలిసిన ఒకాయన దగ్గర 127 మి.మీ. మాక్సుటోవ్ రకం టెలిస్కోప్ ఉంది. ఫోకల్ లెంగ్త్ 1,500, అంటే పుట్టుకతోనే ఎఫ్/12కు దగ్గర. దానికి 2.9 మైక్రాన్ల కెమెరా పెట్టి, మధ్యలో 2 రెట్ల బార్లో కూడా బిగించేవారు. ఎఫ్/24కు చేరింది. శని తెర మీద పెద్దగా కనబడేది, కానీ మసక బిళ్లలా, గింజలు గింజలుగా. బార్లో తీసేసి చూడమన్నాను. వెలుగు నాలుగు రెట్లు పెరిగింది, ఎక్స్‌పోజర్ నాలుగో వంతుకు దిగింది, గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని పెంచే సెట్టింగు) కూడా తగ్గింది. ఆ రాత్రి పేర్చిన చిత్రంలో శని సైజు సగమే ఉన్నా, వలయాల చివర్లలో కాసినీ ఖాళీ (వలయాల మధ్య ఉన్న సందు) నల్లటి గీతగా విడిగా కనబడింది. ఆయనకు కొత్త కెమెరా అవసరమే పడలేదు.

బార్లో గురించి ఇంకో మాట. మామూలు బార్లో మీద రాసిన అంకె, సెన్సర్ దాని నుంచి ఒక నిర్దిష్ట దూరంలో ఉన్నప్పుడే నిజం. మధ్యలో గొట్టమో, ఏడీసీనో (వాతావరణం విడదీసిన రంగులను సరిచేసే పరికరం) పెట్టి సెన్సర్ని వెనక్కి జరిపితే 2 రెట్ల బార్లో 2.5 రెట్లుగా మారిపోతుంది. కొందరు కావాలనే ఇలా చేసి ఒకే బార్లోతో రెండు పనులు సాధిస్తారు. మీకు నిజంగా ఎంత వస్తోందో తెలుసుకోవాలంటే, తీసిన ఫొటోలో గురుగ్రహం మధ్యరేఖ వెడల్పు ఎన్ని పిక్సెళ్లో లెక్కపెట్టి, ఆ రోజు దాని అసలు వెడల్పు ఎన్ని ఆర్క్‌సెకన్లో స్టెల్లారియం అనే ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లో చూసి, ఆర్క్‌సెకన్లను పిక్సెళ్లతో భాగించండి; వచ్చిన అంకెతో పై సూత్రాన్ని తిరగేస్తే అసలు ఫోకల్ లెంగ్త్ తెలుస్తుంది.

యూఎస్‌బీ సంగతికి వస్తాను. యూఎస్‌బీ 2.0 ఆచరణలో సెకనుకు 35–40 ఎంబీ మోస్తుంది. 2 మెగాపిక్సెల్ పూర్తి ఫ్రేము 8 బిట్లలో 2.1 ఎంబీ. అంటే పూర్తి సైజులో సెకనుకు 18, 19 ఫ్రేములకు మించి రావు. అదే 640×480 పెట్టె మాత్రమే కత్తిరించి పంపితే ఫ్రేముకు 0.3 ఎంబీ. కేబుల్ వరకు చూస్తే సెకనుకు వంద దాటవచ్చు. దీన్ని ఆర్‌ఓఐ అంటారు, కెమెరాకు ఈ సదుపాయం తప్పనిసరిగా ఉండాలి. కాబట్టి యూఎస్‌బీ 2.0 కెమెరా చేతిలో ఉంటే పారేయాల్సిన పని లేదు, ఆర్‌ఓఐతో నెట్టుకు రావచ్చు. కొత్తగా కొనేటప్పుడు మాత్రం 3.0 తీసుకోండి. ఎస్‌వీబోనీ ఎస్‌వీ305 లాంటి చవక మోడళ్లలో సెన్సర్ మంచిదే (ఐఎంఎక్స్290, అదీ 2.9 మైక్రాన్లే), కానీ యూఎస్‌బీ 2.0 అని గుర్తుంచుకుని కొనండి.

కెమెరాలో 3.0 ఉన్నా ల్యాప్‌టాప్‌లో లేకపోతే ప్రయోజనం ఉండదు. ఒక కుర్రాడు కెమెరా పాడైందనుకుని నా దగ్గరికి తెచ్చాడు. ఎంత ప్రయత్నించినా 15 ఫ్రేములు దాటడం లేదు, పైగా మధ్యలో ఫ్రేములు జారిపోతున్నాయి. చూస్తే ల్యాప్‌టాప్‌కు ఎడమ వైపున్నవి రెండూ పాత పోర్టులు, కుడి వైపున్నది ఒక్కటే 3.0. పైగా పూర్తి ఫ్రేముతో, ఎక్స్‌పోజర్ 60 మిల్లీసెకన్లు పెట్టి తీస్తున్నాడు. 60 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఎంత గొప్ప కెమెరా అయినా సెకనుకు 16 ఫ్రేములే ఇవ్వగలదు, ఒక సెకనులో అంతకు మించి పట్టవు కదా. కేబుల్ మార్చి కుడి వైపు పెట్టి, పెట్టె చిన్నది చేసి, ఎక్స్‌పోజర్ 8 మిల్లీసెకన్లకు దించితే అదే కెమెరా వంద దాటింది. డిస్క్ లెక్క కూడా చూసుకోండి: 640×480 పెట్టె, సెకనుకు 120 ఫ్రేములు, మూడు నిమిషాలు అంటే ఒక్క వీడియోకు 6.6 జీబీ. ఒక రాత్రికి ఎన్ని వీడియోలు తీస్తారో అన్ని రెట్లు. ఎస్‌ఎస్‌డీ ఉంటే నిశ్చింత.

ఇక మీ డీఎస్‌ఎల్‌ఆర్. అది ఉంటే ఈ వారమే దానితో మొదలుపెట్టండి, కెమెరా వచ్చేదాకా ఆగవద్దు. మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియోలో చిక్కేమిటంటే, సెన్సర్ మొత్తాన్ని 1920 పిక్సెళ్లకు కుదించి రాస్తుంది. గురుగ్రహం బింబం కూడా దానితో పాటే కుంచించుకుపోతుంది. పైగా వీడియోను కంప్రెస్ చేస్తుంది, సన్నటి వివరాలు అక్కడే పోతాయి. కానన్ 550డీ, 60డీ లాంటి కొన్ని మోడళ్లలో మాత్రం 640×480 క్రాప్ వీడియో ఉంది. అందులో సెన్సర్ మధ్య భాగాన్ని కుదించకుండా ఉన్నదున్నట్టు రాస్తుంది. మిగతా కానన్ కెమెరాల్లో లైవ్ వ్యూను 5 రెట్లు జూమ్ చేసి, ఆ తెరను కంప్యూటర్ ద్వారా రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇలా తీసినా గురుగ్రహం పట్టీలు, శని వలయాలు స్పష్టంగా వస్తాయి. ఆ మెట్టు దాటి కాసినీ ఖాళీని, గ్రేట్ రెడ్ స్పాట్ లోపలి ఛాయలను రాబట్టాలంటే ప్లానెటరీ కెమెరా కావాలి.

ఫోన్‌లో తెల్లటి మచ్చ వస్తోందన్నారు, అది ఎక్స్‌పోజర్ సమస్య. నల్లటి ఆకాశాన్ని చూసి ఫోన్ వెలుగు పెంచేస్తోంది. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ తగ్గించి, షట్టర్ సెకనులో వందో వంతుకు అటూ ఇటూగా లాక్ చేసి, ఫోన్ను ఐపీస్‌కు గట్టిగా పట్టి ఉంచే అడాప్టర్ పెట్టి వీడియో తీయండి. పట్టీలు కనబడతాయి.

కలర్ కెమెరానా, మోనోనా (నలుపు-తెలుపుదా)? మొదటి కెమెరా కలర్‌దే తీసుకోండి. మోనోలో ప్రతి పిక్సెల్ పూర్తి వివరం పట్టుకుంటుంది, నిజమే. కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు విడిగా కొనాలి, ఫిల్టర్ వీల్ కొనాలి, గురుగ్రహం తిరిగిపోయేలోపు మూడింటిలోనూ విడివిడిగా తీయాలి, ప్రతిదానికీ ఫోకస్ సరిచూడాలి. 150 మి.మీ. టెలిస్కోప్ మీద ఆ తేడా కన్నా గాలి నిలకడలో తేడా ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడుతుంది. చల్లబరిచే కెమెరాలకు కూడా డబ్బు పెట్టకండి. ఆ చల్లదనం నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చేవాళ్లకు పనికొచ్చేది, మనవి మిల్లీసెకన్లు.

ఐఎంఎక్స్462 తీసుకుంటే యూవీ/ఐఆర్ కట్ ఫిల్టర్ విషయంలో రాజీ పడకండి. ఈ సెన్సర్ కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని చాలా బలంగా పట్టుకుంటుంది. 850 నానోమీటర్ల దగ్గర దాని మీదున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు మూడూ దాదాపు ఒకేలా కాంతిని వదిలేస్తాయి. దాంతో రంగులు వెలిసిపోయి, గురుగ్రహం పాలిపోయిన గులాబీ రంగులో వస్తుంది. కొన్ని కెమెరాల ముందున్న అద్దమే ఐఆర్‌ను ఆపుతుంది, కొన్నిటిలో అది ఉత్త పారదర్శక గాజు. వివరాల పట్టికలో ఇది చూసి తీసుకోండి. ఇదే గుణం తర్వాత మీకు వరం అవుతుంది: ఐఆర్ పాస్ ఫిల్టర్ (పరారుణ కాంతిని మాత్రమే వదిలేది) పెట్టి కుజగ్రహాన్నీ, చంద్రుడినీ తీస్తే గాలి కల్లోలం తక్కువగా కనబడుతుంది, ఎందుకంటే పొడవైన తరంగాలను గాలి తక్కువగా చెదరగొడుతుంది. గురుగ్రహాన్ని 889 నానోమీటర్ల మీథేన్ ఫిల్టర్‌లో తీసేవాళ్లకు కూడా ఈ సెన్సర్ ఇష్టం, కానీ ఆ ఫిల్టర్ వెలుగును బాగా మింగేస్తుంది, మీ అద్దం సైజుకు నేను సూచించను.

సెన్సర్ పెద్దదిగా ఉంటే లాభపడే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, మోటారు లేని డాబ్సోనియన్ (చేత్తో తిప్పే సాదా మౌంటు మీదున్న న్యూటోనియన్). నా 200 మి.మీ. డాబ్ మీద 3,000 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌తో తీస్తే, 5.6 మి.మీ. వెడల్పున్న ఐఎంఎక్స్462 సెన్సర్ను గ్రహం ఒక అంచు నుంచి ఇంకో అంచుకు 26 సెకన్లలో దాటేస్తుంది. భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది మరి. 11.2 మి.మీ. వెడల్పున్న ఐఎంఎక్స్585 అయితే ఆ సమయం రెట్టింపు. గ్రహాన్ని అంచున నిలబెట్టి, దాటేదాకా రికార్డు చేసి, మళ్లీ గొట్టం జరిపి, ఇలా తీసిన ముక్కలను పిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బింబాన్ని మధ్యకు తెచ్చి కలుపుతాం. మీకు మోటారు ఉంది కాబట్టి ఈ బాధ లేదు. రెండోది చంద్రుడు. బార్లో లేకుండా మీ 750 మి.మీ. మీద చిన్న సెన్సర్లో 26 ఆర్క్‌నిమిషాల వెడల్పు పడుతుంది, చంద్రబింబం 31. కాస్తలో తప్పిపోతుంది. ఐఎంఎక్స్585లో అడ్డంగా హాయిగా పడుతుంది. నిలువునా కాస్త బయటికి పోతుంది, రెండు ముక్కలు తీసి అతికితే సరి.

నెబ్యులాలకూ ఇదే కెమెరా వాడవచ్చా అన్నదానికి: లైరా రాశిలోని రింగ్ నెబ్యులా లాంటి చిన్న, ప్రకాశవంతమైన వాటి వరకు సరదాగా తీయవచ్చు. ఆండ్రోమెడా గెలాక్సీ, ఒరాయన్ నెబ్యులా వంటి విశాలమైనవి ఈ చిన్న సెన్సర్లో పట్టవు. వాటికి మీ డీఎస్‌ఎల్‌ఆరే నయం. ఆ రోజుల్లో ఈ ప్లానెటరీ కెమెరా గైడ్ కెమెరాగా (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంటును సరిచేయించేదిగా) పనికొస్తుంది, ఆ విధంగా రెండూ ఉపయోగంలో ఉంటాయి. రెండు పనులకూ ఒకే కెమెరా కావాల్సిందే అంటే ఐఎంఎక్స్585 మధ్యేమార్గం, కానీ ఖర్చు పెరుగుతుంది.

కెమెరా చేతికొచ్చాక మొదటి రాత్రి ఎదురయ్యే అసలు కష్టం గ్రహాన్ని ఆ చిన్న సెన్సర్ మీదికి తేవడం. ముందు బార్లో లేకుండా పెట్టండి. ఐపీస్‌లో గ్రహాన్ని మధ్యకు తెచ్చి, ఫైండర్ను అదే చోటికి కచ్చితంగా సరిచేసి, అప్పుడు ఐపీస్ తీసి కెమెరా పెట్టండి. తెర నల్లగా ఉంటే గెయిన్ బాగా పెంచి, ఎక్స్‌పోజర్ అర సెకను చేయండి. ఫోకస్ తప్పిన గ్రహం పెద్ద బూడిదరంగు ఉంగరంలా ఎక్కడో మూల నుంచి కనబడుతుంది. దాన్ని మధ్యకు లాగి, ఫోకస్ చేసి, ఆ తర్వాతే బార్లో పెట్టండి. ఫోకస్‌కు గురుగ్రహం కన్నా దాని చంద్రులే మేలు: ఆ చుక్క ఎంత చిన్నదైతే ఫోకస్ అంత సరిగ్గా ఉన్నట్టు. నాబ్ తాకగానే బింబం ఊగుతుంది, చెయ్యి తీసి రెండు క్షణాలు ఆగి చూడండి.

సెట్టింగులు: ఎఫ్/15 దగ్గర గురుగ్రహానికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు, హిస్టోగ్రామ్ (చిత్రంలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) 60–70 శాతం దగ్గరకు వచ్చేలా గెయిన్. శని మీద సూర్యకాంతి గురుగ్రహం మీద పడేదానిలో మూడో వంతు కన్నా తక్కువ, అక్కడ 15 నుంచి 25 మిల్లీసెకన్లు పడుతుంది, హిస్టోగ్రామ్ 50 శాతం దగ్గర ఆగినా ఫర్వాలేదు. గెయిన్ పెరిగితే తెర మీద నాయిస్ కనబడుతుంది, భయపడకండి, పేరిస్తే పోతుంది. ఎక్స్‌పోజర్ పెంచితే వచ్చే మసక మాత్రం పోదు. రికార్డింగ్‌కు ఫైర్‌క్యాప్చర్ లేదా షార్ప్‌క్యాప్, ఫైలు ఎస్‌ఈఆర్ (కంప్రెస్ చేయని ముడి వీడియో) ఫార్మాట్‌లో. పేర్చడానికి ఆటోస్టాకర్ట్, వేవ్‌లెట్లతో పదును పెట్టడానికి రెజిస్టాక్స్. వీటితోనే ఏళ్లు గడిపేయవచ్చు.

మీ అంచనాలు సరిగ్గా ఉండటం కోసం ఇదీ చెప్పాలి. మీ ఎఫ్/5 న్యూటోనియన్‌లో కొలిమేషన్ (అద్దాల అమరిక) కాస్త తప్పినా ఏ కెమెరా కాపాడలేదు, ప్రతి రాత్రీ మొదలుపెట్టే ముందు సరిచూడండి. టెలిస్కోప్‌ను కనీసం గంట ముందు బయట పెట్టి అద్దం చల్లారనివ్వండి. గ్రహం ఆకాశంలో ఎత్తుగా ఉన్నప్పుడు తీయండి. 40 డిగ్రీల కన్నా కిందున్నప్పుడు వాతావరణం ప్రిజంలా రంగులను విడదీసి, బింబానికి ఒక వైపు ఎరుపు, ఒక వైపు నీలం అంచు తెస్తుంది. దాన్ని సరిచేసే ఏడీసీ అనే పరికరం ఉంది గానీ మొదటి ఏడాది దాని జోలికి పోనక్కర్లేదు, ఎరుపు, నీలం పొరలను సాఫ్ట్‌వేర్‌లో జరిపి సర్దుకోవచ్చు. కుజగ్రహం ఏటా ఒకేలా ఉండదని కూడా తెలిసి ఉండాలి: 2003లో 25 ఆర్క్‌సెకన్లకు పెరిగింది, 2025 జనవరిలో దగ్గరికొచ్చినప్పుడు 14.6 మాత్రమే. మీ సెటప్‌లో అది 55 పిక్సెళ్ల బిళ్ల. యురేనస్ 14 పిక్సెళ్లు, నెప్ట్యూన్ తొమ్మిది. అవి బిళ్లలుగా, వాటి రంగుతో వస్తే అదే విజయం.

ఈ చిన్న కెమెరాలు చేసే పని మాత్రం చిన్నది కాదు. 2006లో గురుగ్రహం మీద ఓవల్ బీఏ అనే తెల్లటి తుఫాను ఎర్రగా మారడాన్ని ముందుగా గుర్తించింది ఫిలిప్పీన్స్‌కు చెందిన ఔత్సాహికుడు క్రిస్టఫర్ గో. 2009 జులై 19న గురుగ్రహాన్ని ఏదో ఢీకొన్న నల్లటి మచ్చను పట్టుకున్నది ఆస్ట్రేలియాలో తన పెరట్లో తీస్తున్న ఆంథొనీ వెస్లీ. అందుకే వీడియోలు చెరిపేసే ముందు ఒకసారి మొత్తం చూడండి, ఫైలు పేరులో తేదీ, సమయం యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉండేలా పెట్టుకోండి.

వాడిన కెమెరా కొనేటట్టయితే అమ్మేవారిని పదును పెట్టిన అందమైన ఫొటో అడగకండి, ముడి ఎస్‌ఈఆర్ ఫైలు ఒకటి పంపమనండి. చేతికి తీసుకునేటప్పుడు మీ ల్యాప్‌టాప్‌తో వెళ్లి, మూత పెట్టి గెయిన్ ఎక్కువలో కాసేపు రికార్డు చేసి నిలువు గీతలేమైనా ఉన్నాయేమో చూడండి. ఒకటీ అరా వెలిగే పిక్సెళ్లు ఫర్వాలేదు. మూత తీసి తెల్లటి గోడ వైపు తిప్పితే సెన్సర్ అద్దం మీదున్న దుమ్ము గుండ్రటి నీడలుగా కనబడుతుంది, అది శుభ్రం చేసుకోవచ్చు. యూఎస్‌బీ సాకెట్ దగ్గర కేబుల్‌ను కాస్త అటూ ఇటూ కదిపి చూడండి, ఫ్రేములు ఆగిపోతుంటే ఆ కెమెరా వదిలేయండి. మీ ల్యాప్‌టాప్ మోడల్, మీ దగ్గరున్న బార్లో ఏదో రాస్తే ఏ సెన్సర్ దానికి బాగా కుదురుతుందో లెక్క కట్టి చెబుతాను.